గోడ మీద బావ

మిర్కాబ్, కువైట్
12 నవంబరు 2024

అక్కా,

రమణి సెలవు మీద ఊరికి బయల్దేరింది. మా క్లినిక్‌లో నర్సు, మలికిపురం పిల్ల, నీకు తెలిసిందే. ఆమె చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోనులో మాట్లాడితే మీ అత్తగారు మంచం మీంచే ప్రతి ముక్కా విని, పొద్దు వాలేలోగా వీధికి చేరవేస్తుందంటావు కదా. ఇక మనకు కాగితాలే గతి. నలభై రెండేళ్ళ ఎక్స్‌రే టెక్నీషియన్ కూర్చుని అక్కకు ఉత్తరం రాస్తుంటే ఇక్కడ అందరికీ నవ్వులాటగా ఉంది.

మా క్లినిక్‌కి కళ పట్టుకుంది. పెద్ద డాక్టరుగారి అమ్మాయి దానా లండన్‌లో చిత్రకళ చదువుకుని వచ్చింది. వస్తూనే వెయిటింగ్ హాల్లో పళ్ళ పోస్టర్లు, జలపాతం క్యాలెండరు పీకించేసింది. "రోగి ఇక్కడ కూర్చునే అరగంట కూడా వైద్యమే ఉదయ్" అంటుంది. మంచి పిల్లే, ఎవరినీ కసురుకోదు. ముందు నాలుగు కాన్వాసులు పెట్టించింది. ఒక్కొక్కటీ తలుపంత, అన్నీ నీలం రంగు. ఒకదాని మీద ఎర్ర గీత ఉంది, మిగతా వాటి మీద అదీ లేదు.

మాబు అని రాయచోటి డ్రైవరు, ఎగైలా నుంచి వాళ్ళ ‘మామా’ను, అంటే యజమానురాలిని, మోకాలి ఇంజెక్షనుకు తీసుకొస్తుంటాడు. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఏంది సార్, పెయింటరు యాడికి పోయినాడు? సగంలోనే ఇడిసిపెట్నాడే!" అన్నాడు. ఏమంటున్నాడని దానా అడిగింది. చాలా లోతుగా ఉందంటున్నాడని చెప్పాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కిందటి వారం స్టోరు గది ఖాళీ చేయిస్తుంటే పాత ఎక్స్‌రే ఫిల్ముల పెట్టెలు కనపడ్డాయి ఆమెకు. అన్నీ కంప్యూటరుకు మారకముందు తీసినవి. కంపెనీ క్యాంపుల్లో వంటవాళ్ళకు ఏటా ఒక ఛాతీ ఫిల్ము తీసేవాళ్ళం, అవి. ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసి, "అసలైన మోడరన్ ఆర్ట్ ఇది, ఇన్నాళ్ళూ చీకట్లో పెట్టారేంటి?" అంది. అరవై ఫిల్ములు వెనక దీపాలు పెట్టి గోడంతా పరుస్తుందట. పేర్లు కత్తిరించేస్తారు, నంబరూ తేదీ మాత్రం ఉంచుతారు. మంచివి ఏరిపెట్టమని నాకే చెప్పింది.

ఏరుతున్నాను గానీ మనసొప్పడం లేదు. వాళ్ళు చొక్కా విప్పి ఆ చల్లటి పలకను కౌగలించుకుని నిలబడింది ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కోసం, గోడకెక్కడానికి కాదు. పై పెట్టెలు రెండు మాత్రమే విప్పాను. కింద వాటి జోలికి పోలేదు.

నీ మోకాళ్ళకు పూత మందు కూడా రమణి చేతే పంపుతున్నాను. వాడు, దాచిపెట్టకు.

నీ తమ్ముడు
ఉదయ్

---

రాజోలు
3 డిసెంబరు 2024

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం, పూత మందు రెండూ అందాయి. రమణి నిన్ను చూసి జాలేస్తోందంది. చిక్కిపోయావట, జుట్టు నెరిసిందట. పెళ్ళాం పిల్లల్ని కాకినాడలో ఉంచి నువ్వక్కడ ఖుబ్బూసు రొట్టెలు తింటూ కూర్చుంటే చిక్కక ఏం చేస్తావు?

తలుపంత నీలం రంగు గోడకు పెడితే అది బొమ్మా! మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వాన పడితే గోడ మీద అంతకంటే మంచివి వాటంతటవే వస్తాయి. మీ దానమ్మను ఓసారి పంపు, ఉచితంగా చూపిస్తాను.

నా ఆశా డ్యూటీ మామూలే. ఈ నెల నా పేటలో ఇద్దరికి కొత్తగా క్షయ బయటపడింది. రోజూ వెళ్ళి ఎదురుగా నిలబడి మాత్రలు మింగించాలి. ఒకాయన మాత్ర బుగ్గన పెట్టుకుని నేను వెళ్ళాక ఉమ్మేస్తున్నాడు. నోరు తెరిపించి చూస్తున్నాను ఇప్పుడు. "ఆడపోలీసువి తల్లీ నువ్వు" అంటాడు.

మాఘంలో మీ బావ తద్దినం వస్తోంది. అక్కడ క్యాంపులో వంట చేస్తూ క్షయతో పోయి పన్నెండేళ్ళయిందంటే నమ్మకం కలగదు. ఏటా అదే వరస కదా. విస్తళ్ళు ఎత్తేవరకూ అందరూ మర్యాదగానే ఉంటారు. ఆ తర్వాత మా అత్తగారు మొదలెడుతుంది. "దగ్గుతున్న మొగుణ్ణి ఇమానం ఎక్కించిందండీ ఈ మహాతల్లి. ఇంకో నెల ఉండనిస్తే నా కొడుకు బతికేవోడు" అంటుంది. మా మరిది సూర్యకిరణ్ తల ఊపుతాడు. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను పెట్టిన అన్నం ఆవిడ తినదు. తన గిన్నె తనే వండుకుంటుంది, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి.

ఏటా నేనూ ఒకటే జవాబు చెబుతాను. "మా తమ్ముడు స్వయంగా ఫిల్ము తీశాడండి. ఛాతీలో ఏమీ లేదని కాగితం ఇచ్చాడండి. ఆ కాగితం చూసే పంపానండి" అని. అది నిజం కాబట్టి ఎవరూ మారు మాట్లాడరు. నిజానికి ఆయన ఆ సెలవులో దగ్గుతుంటే నేనే రాజమండ్రి తీసుకెళ్తానన్నాను. ఆయన ఆ కాగితం చూపించి నా నోరు మూయించాడు. ఆ ఒక్క కాగితమే లేకపోతే ఈ ఇంట్లో నేను ఏనాడో ఉరేసుకునేదాన్ని. నీకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో నీకేం తెలుసు?

మీ అక్క

---

మిర్కాబ్
9 జనవరి 2025

అక్కా,

గోడ మొన్న ఆదివారం వెలిగింది. చెప్పకుండా ఉందామనుకున్నాను. నాలుగు రోజులు ఎలాగో ఉన్నాను, ఇక నా వల్ల కావడం లేదు.

నేను ఏరినవి దానాకు సరిపోలేదట. నాకు చెప్పకుండా కింది పెట్టెలు తెరిపించుకుని తనే ఏరుకుంది. తెర తీసేటప్పుడు మమ్మల్నందరినీ పిలిచింది. హాల్లో లైట్లు ఆపి గోడ వెలిగించారు. అరవై ఛాతీలు ఒక్కసారి వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యలో ఉన్న దాన్ని చూపించి, ఇదే నా గోడకు గుండె, ఇంత శుభ్రమైన ఛాతీ ఇన్నిటిలో ఇదొక్కటే, అంది దానా. దగ్గరికి వెళ్ళి మూల నంబరు చదివాను. తేదీ మార్చి 2012. ఆ నంబరు నన్ను నిద్రలో అడిగినా చెబుతాను.

అది బావ నంబరు అక్కా.

రోజూ పొద్దున ఏడున్నరకు గోడ స్విచ్ వేసేది నేనే. హాల్లో ఎవరూ ఉండరు. వేశాక ఒక్క క్షణం అది నన్ను చూస్తున్నట్టే ఉంటుంది. తల దించుకుని నా గదిలోకి వెళ్ళిపోతాను. తలుపు వేసుకున్నా దగ్గు వినపడుతుంది. ఎవరో రోగి దగ్గేనని తెలుసు. అయినా బయటికి వచ్చి చూస్తాను. ఒకసారి హాల్లో ఎవరూ లేరు.

ఇంకో సంగతి ఉంది. ఆ గోడ ముందుకు వచ్చిన పనివాళ్ళు తమకు తెలియకుండానే ఊపిరి బిగబడుతున్నారు. పీల్చు, పట్టుకో, కదలకు అని ఇన్నేళ్ళు వాళ్ళకు నేర్పింది నేనే కదా. మాబు కూడా అలాగే బిగబట్టి నిలబడ్డాడు. వదిలాక, "ఇయన్నీ సచ్చినోళ్ళవా సార్?" అని అడిగాడు. కాదని చెప్పాను.

బావ నీ కలలోకి వస్తాడా?

ఉదయ్

---

రాజోలు
20 జనవరి 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం నిలబడి చదివాను, మళ్ళీ కూర్చుని చదివాను. కాసేపు ఏడ్చాను కూడా, నీకు ఎందుకు అబద్ధం చెప్పాలి? ఇంట్లో దాచుకోవడానికి ఫోటో కూడా సరైనది లేని మనిషి అక్కడ అంత మెరుస్తూ గోడ మీద ఉన్నాడా! అదీ మధ్యలో! మీ దానమ్మ చల్లగా ఉండాలి. నీలం తలుపుల గురించి వేళాకోళం చేశాను, తప్పయిపోయిందని చెప్పు.

కలలోకి రాడు. ఎప్పుడూ రాలేదు. అదే నా బాధ.

అయినా నువ్వెందుకు అంత బెదిరిపోతున్నావు? నీ ఉత్తరం చూస్తే దొంగకు తేలు కుట్టినట్టుంది. ఆయన నీ బావ, భూతం కాదు. నిన్ను ఎప్పుడైనా ఒక్క మాటన్నాడా?

ఇప్పుడు నాకు ఒక పని చేసిపెట్టు. దాన్ని మంచి ఫోటో తీయించి పెద్ద కాగితం మీద వేయించి తద్దినంలోగా అందేలా కొరియర్ చెయ్యి. ఈసారి మా అత్తగారు మొదలెట్టగానే నేను జవాబు చెప్పను. ఆ ఫోటో తెచ్చి అందరి మధ్యలో పెడతాను. ఇదిగో మీ అబ్బాయి ఛాతీ, పరాయి దేశంలో కూడా ఇంత శుభ్రమైనది లేదన్నారట, చూసుకోండి అంటాను. పన్నెండేళ్ళ నుంచీ మాటలతోనే నెట్టుకొస్తున్నానురా. ఒక్కసారి కళ్ళకు చూపించాలని ఉంది.

మీ అక్క

---

మిర్కాబ్
28 జనవరి 2025

అక్కా,

ఫోటో కుదరదు. వెనక దీపాలున్నాయి కదా, తీస్తే అంతా తెల్లగా వస్తుంది. పైగా రోగుల వ్యవహారాలు, క్లినిక్ బయటికి పంపకూడదు. దానా కూడా ఒప్పుకోదు.

నంబరు విషయంలో నేను పొరబడి ఉండవచ్చు. చాలా ఏళ్ళయింది. అది బావది కాకపోవచ్చు.

తద్దినానికి కావలసినవి ఏమైనా ఉంటే రాయి.

ఉదయ్

---

రాజోలు
5 ఫిబ్రవరి 2025

ఉదయ్,

నిద్రలో అడిగినా చెబుతానన్న నంబరు ఇరవై రోజుల్లో మర్చిపోయావా?

నాకోసం నువ్వు ఏనాడూ ఏమీ చెయ్యలేదని అనను. కానీ ఇంతవరకూ నిన్ను నేను నోరు తెరిచి ఒక్కటీ అడగలేదు. ఇదే మొదటిది. పంపుతావా, లేదా? తద్దినం పంతొమ్మిదిన.

సత్యదుర్గ

---

మిర్కాబ్
10 ఫిబ్రవరి 2025

అక్కా,

పంపుతున్నాను. బాగానే వచ్చింది.

అత్తయ్యగారికి చూపించకుండా నీ దగ్గరే ఉంచుకుంటే మంచిది. నా మాట విను.

ఉదయ్

---

రాజోలు
22 ఫిబ్రవరి 2025

ఉదయ్,

నీ మాట వినలేదు. చూపించాను.

ఫోటో వచ్చిన రోజునే తీసి చూసుకున్నాను. ఎక్కడో ఏదో తేడాగా తోచింది. ఎక్స్‌రే కదా, మనకేం తెలుస్తుందిలే అని సర్దిపెట్టుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే నేను తెలుసుకోవాలనుకోలేదు.

తద్దినం నాడు ఆవిడ మొదలెట్టింది. నేను లోపలికెళ్ళి ఫోటో తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. అందరూ మూగారు. ఆవిడకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగా ఆనుతోంది. కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో కుడి భుజం దగ్గర నుంచి మెడ దాకా రాసింది. మళ్ళీ రాసింది. తర్వాత తలెత్తి నన్ను అడిగింది.

"ఈడెవడే?"

ఆవిడే అంది. "నా కొడుకు పన్నెండేళ్ళప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. ఈ ఎముక ఇరిగింది. కట్టు కట్టించాం గానీ వంకరగానే అతుక్కుంది. నా చేత్తో నలుగెట్టాను, నాకు తెల్దా? ఇది తిన్నగా ఉంది. ఈడు నా కొడుకు కాదు."

ఉదయ్, ఆ ఎముక మీద గడ్డలాంటిది ఉండేది. ఇరవై ఏళ్ళు నా తల ఆ భుజం మీద పెట్టుకుని పడుకున్నాను. తేడా ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు వీధంతా ఒకటే మాట. అక్కా తమ్ముడూ కలిసి దొంగ ఫోటో చేయించారట. ఇన్నాళ్ళూ చెప్పింది కూడా దొంగమాటేనట. సూర్యకిరణ్ ముఖం మీదే అన్నాడు. పన్నెండేళ్ళుగా నేను పట్టుకుని నిలబడ్డ కొమ్మ విరిగింది. విరగ్గొట్టింది నువ్వు.

ఆ గోడ మీద ఉన్నది ఎవరు?

సత్యదుర్గ

---

మిర్కాబ్
4 మార్చి 2025

అక్కా,

అది నేను.

ఈ రెండు మాటలు రాయడానికి ఐదు రోజులు పట్టింది. నా మెడ దగ్గర పుట్టుకతో వచ్చిన చిన్న ఎముక ఒకటి అదనంగా ఉంటుంది. గోడ వెలిగిన రోజు నంబరు బావదని చూశాను, ఎముక నాదని చూశాను. నీకు మాత్రం సగమే రాశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

మార్చి 2012లో బావ ఏటా తీసే ఫిల్ముకు వచ్చాడు. మధ్యాహ్నం, భోజనాల వేళ, క్లినిక్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫిల్ము తీసి కడిగి చూశాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంది. అటువంటిది కనపడితే కంపెనీ ఇఖామా రద్దు చేసి విమానం ఎక్కించేస్తుంది. బావకు చూపించాను. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"మస్కట్ నుంచి ఓసారి తిప్పి పంపేశారు కదరా బామ్మర్దీ. ఇది రెండోసారి. ఊళ్ళో నన్ను మనిషి కింద చూస్తారా? వచ్చే నెల సెలవుకు ఎలాగూ వెళ్తున్నాను. అక్కడే మందులు మొదలెట్టేస్తాను, ఒట్టు. ఈ ఒక్క ఫిల్ము ఎలాగోలా గట్టెక్కించు" అన్నాడు. ఆయన నా కాళ్ళు పట్టుకోబోయాడు అక్కా. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపిన మనిషి.

నేను చొక్కా విప్పి పలక ముందు నిలబడ్డాను. స్విచ్ బావ నొక్కాడు. ఎలా నొక్కాలో నేనే నేర్పాను. గది అవతల నుంచి, "ఊపిరి పీల్చు, పట్టుకో, కదలకు" అని నాలాగే అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలో తీసిన ఫిల్ము అది. దానా దాన్నే శుభ్రంగా ఉందంది.

వెళ్ళేటప్పుడు ఇంకో మాట అన్నాడు. "మీ అక్కకు చెప్పకు. ఊరంతా వినపడేలా ఏడుస్తది." చెప్పలేదు. నువ్వు ఫోను చేసి దగ్గుతున్నాడు, ఏమైనా ఉందా అని అడిగావు. ఫిల్ము బాగుందని నా నోటితో చెప్పాను. సెలవు నుంచి వచ్చాక మందులు వాడావా అని అడిగితే వాడానన్నాడు. ఇంకో ఫిల్ము తీస్తానని నేను అనలేదు. చూడడానికి భయపడ్డాను. పదకొండు నెలలకు పోయాడు. ఆయన వండిన అన్నం తిన్నవాళ్ళు, ఆయన గదిలో పడుకున్నవాళ్ళు ఏమయ్యారో నాకు తెలియదు. ఆ సంగతి ఆలోచించడం మొదలుపెడితే ఆపలేను.

నిన్ను అందరూ అంటుంటే ఏటా విన్నాను. ఏటా ఊరుకున్నాను.

ఉదయ్

---

రాజోలు
16 మార్చి 2025

ఉదయ్,

వారం రోజులు నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను.

ఆయన నిన్ను అడగడంలో నాకు ఆశ్చర్యం లేదు. పౌరుషం ఎక్కువ, బుద్ధి తక్కువ, మంచివాడు. నువ్వు ఫిల్ము మార్చడం కూడా నాకు అర్థమవుతుంది. నీ స్థానంలో ఉంటే నేనూ అదే పని చేసేదాన్నేమో. కానీ నేను ఫోను చేసి అడిగాను. నేను అడిగినప్పుడు బాగుందని చెప్పావే, అదీ నాకు అర్థం కానిది.

ఆరు నెలల మాత్రలు ఉదయ్. రాజోలు ఆసుపత్రిలో అప్పుడు కూడా ఊరికే ఇచ్చేవాళ్ళు. ఆశాలో చేరినప్పటి నుంచి నా చేత్తో పందొమ్మిది మందికి మింగించాను. అందులో తాగుబోతులున్నారు, మాత్ర ఉమ్మేసేవాళ్ళున్నారు, ఒక ముసలామె తొంభయ్యో పడిలో ఉంది. పందొమ్మిది మందీ లేచి తిరుగుతున్నారు. వీధిలో కనపడి దణ్ణం పెడతారు. వాళ్ళ ముఖాలు చూస్తూ, నా ఇంట్లోకి ఈ జబ్బు ఎవరికీ కనపడకుండా వచ్చి తీసుకెళ్ళిందే, నా రాత అనుకునేదాన్ని. నీకు కనపడింది. ఆయన నలభై రోజులు నా పక్కన ఉన్నాడు. నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే నోరు తెరిపించి మింగించేదాన్ని. ఊరంతా వినపడేలా ఏడుస్తూనే మింగించేదాన్ని.

నిన్ను తిట్టడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు.

ఇప్పుడు రెండు అడుగుతున్నాను. ఒకటి, ఆయనది ముందు తీశానని రాశావు. ఆ ఫిల్ము ఏం చేశావు? రెండోది, జరిగిందంతా మా అత్తగారికి నువ్వే రాయి. నా చేత చెప్పించకు. నేను చెబితే అది కూడా అక్కాతమ్ముళ్ళ నాటకమే అవుతుంది. నీ ఉద్యోగం పోతుందో, జైల్లో వేస్తారో నేను ఆలోచించను. నా గురించి నువ్వు ఆలోచించినంతే.

సత్యదుర్గ

---

మిర్కాబ్, కువైట్
30 మార్చి 2025

సూరాయమ్మ అత్తయ్యగారికి,

సత్యదుర్గ తమ్ముడు ఉదయ్‌కుమార్ నమస్కరించి రాస్తున్నాను. ఈ ఉత్తరం మా అక్క చేత చదివించుకోవద్దు. సూర్యకిరణ్ చేత, ఇంట్లో నలుగురూ వినేలా చదివించుకోండి.

మీరు చూసి మీ అబ్బాయిది కాదన్న ఛాతీ నాది. మీరు అన్నదే నిజం. మీ అబ్బాయి వెంకటసత్యనారాయణ గారికి జబ్బు ఉందని 2012 మార్చిలోనే నాకు తెలుసు. ఉద్యోగం పోకుండా ఆయన ఫిల్ము తీసేసి నాది పెట్టాను. అది చూపించి డాక్టరు చేత ఏమీ లేదని కాగితం ఇప్పించాను. ఆ కాగితాన్ని మా అక్క నమ్మింది. ఆమె ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్తానని పోరింది. నన్ను ఫోనులో అడిగింది. నేను అబద్ధం చెప్పాను. దగ్గుతున్న మనిషిని విమానం ఎక్కించింది ఆమె కాదు, నేను. మీరు పన్నెండేళ్ళుగా ఆమెను అన్న ప్రతి మాటా నాకు చెందుతుంది.

ఆయన అసలు ఫిల్ము నేను పారెయ్యలేదు. పారేద్దామని ఎన్నోసార్లు తీశాను, చేతులు రాలేదు. నా పెట్టెలో బట్టల అడుగున ఇన్నాళ్ళూ ఉంది. గది మారినప్పుడల్లా నాతోనే మారింది. దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మూల ఆయన పేరు కత్తిరించకుండా ఉంది. ఇది మీ అబ్బాయిదే.

ఇక్కడ పెద్ద డాక్టరుగారికి కూడా అంతా చెప్పాను. ఆ రోజుల్లో క్లినిక్ వేరేవాళ్ళది, పాత గొడవలు తవ్వడం ఆయనకు ఇష్టం లేదు. ఈ నెలాఖరుతో ఖలాస్, నీ దారి నువ్వు చూసుకో అన్నాడు. వాళ్ళ అమ్మాయి మాత్రం ఏడ్చింది. గోడ మధ్యలో నాది తీసేసి, అసలుది ఇస్తే అక్కడ పెడతానని అడిగింది. అది ఇంటికి వెళ్ళవలసిందని చెప్పి ఇవ్వలేదు. ఇప్పుడు ఆ చోట ఫిల్ము లేదు, ఉత్త తెల్లటి దీపం వెలుగుతోంది.

మిమ్మల్ని క్షమించమని అడిగే అర్హత నాకు లేదు. మా అక్కను ఇక ఏమీ అనవద్దని మాత్రం అడుగుతున్నాను.

ఉదయ్‌కుమార్

---

రాజోలు
11 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

ఫిల్మూ, ఉత్తరమూ అందాయి.

సూర్యకిరణ్ పైకి చదివాడు. సగంలో ఆపేస్తే, మా అత్తగారు "కానియ్యి" అంది. చివరిదాకా చదివాడు. చదివాక నా వైపు చూడలేక గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. మర్నాడు వాళ్ళావిడ సత్తు క్యారేజీలో చేపల పులుసు తెచ్చి మా గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. వీధిలో మాటలు ఆగాయి. నువ్వు చెయ్యవలసింది చేశావు. ఆలస్యంగా చేశావు.

నిన్ను రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు. రావద్దనడానికీ రావడం లేదు. కాకినాడ వెళ్ళి పిల్లల దగ్గర ఉండు. వచ్చే మాఘం నాటికి నా మనసు ఎలా ఉంటుందో నాకే తెలియదు. ముందు వెళ్ళగానే నువ్వు కూడా పరీక్ష చేయించుకో, ఆయనతో కలిసి తిరిగినవాడివే.

ఒక్కటి మాత్రం నీకు చెప్పాలి. నువ్వే వినాలి.

ఫిల్ము కిటికీకి ఆనించి పట్టుకున్నాను. మా అత్తగారు లేచి వచ్చి పక్కన నిలబడింది. భుజం ఎముక చూసుకుంది, వాడే, అంది. ఆ జబ్బు ఎక్కడుందో చూపించవే అని అడిగింది. పన్నెండేళ్ళలో నన్ను మెత్తగా ఒక మాట అడగడం అదే మొదలు. కుడివైపు పైన చూపించాను. ఆవిడ బొటనవేలు తెచ్చి దాని మీద పెట్టింది. మచ్చ మొత్తం ఆ గోటి కింద పట్టేసింది. వేలు అలాగే ఉంచి నా ముఖంలోకి చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనండి అత్తయ్యా" అన్నాను.

అక్క